చెన్నపురి సముద్ర జీవశాస్త్రము, తెలుగుతీరపు రొయ్యల సాగు: ఒక చారిత్రక పరిశీలన

ఉపక్రమము

1639లో కోటకు స్థలము లభించిన నాటినుండి చెన్నపట్టణము కడలి నాశ్రయించియే పెరిగిన నగరము. ఓడలు, రేవు, వర్తకము అను మూడింటిని గూర్చి ఈ నగర చరిత్రకారులు విస్తారముగా వ్రాసియున్నారు. అదే కడలియందలి జీవరాశిని శాస్త్రదృష్టితో పరిశీలించి, ఆ జ్ఞానమును జనుల జీవనోపాధిగా మార్చుటకు ఇచ్చట జరిగిన యత్నముల చరిత్ర మాత్రము అంతగా ప్రచారమునకు రాలేదు. ఆ చరిత్రను సంగ్రహముగా చెప్పి, అందు తెలుగువారి పాలెంతయో నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

సముద్ర జీవుల పుట్టుకను, రోగములను, జన్యువులను, అవి తమ శరీరములందు తయారుచేసికొను ద్రవ్యములను ఎరిగి, వానిని మానవోపయోగమునకు తెచ్చు విద్యను నేడు సముద్ర జీవసాంకేతిక మనుచున్నారు. సొరచేప కాలేయమునుండి నూనె తీయుట, కడలినాచునుండి అగర్ తీయుట, రొయ్యపిల్లలను తొట్లలో పుట్టించుట, రోగక్రిమిని జన్యుపరీక్షచే కనుగొనుట, ఇవన్నియు ఆ విద్యలోనివే. ఒక నగరమునందును దాని పరిసరములందును పరిశోధనాలయములు, పరీక్షాశాలలు, హేచరీలు, మేతల కర్మాగారములు, ఎగుమతి సంస్థలు, అనుమతులిచ్చు అధికారులు ఒకరిపై నొకరు ఆధారపడి యుండినచో దానిని పరిశ్రమల సమూహ మందురు.

అట్టి సమూహము చెన్నపురియం దేర్పడినదా? ఏర్పడినచో ఎప్పుడు, ఎవరి వలన? సముద్రశాస్త్రము ఈ నగరమున నూరేండ్లకు పైగా నున్నను, దాని చుట్టును పరిశ్రమ నిలద్రొక్కుకొనలేదు. నెల్లూరు మొదలు గోదావరీతీరము వరకు గల రైతుల చెరువులు రోగమున పడినప్పుడు, ఆ ఆపదను తీర్చు పనిలో శాస్త్రమునకును పరిశ్రమకును ముడి పడినది. ఈ సిద్ధాంతమునకు ఆధారములు క్రింద చూపబడుచున్నవి.

తొలినాటి కృషి

కోరమాండల్ తీరపు మత్స్యములను గూర్చిన తొలి గొప్ప గ్రంథము తెలుగుగడ్డపైననే రూపొందినది. తూర్పిండియా కంపెనీ కొలువులో వైద్యుడును ప్రకృతిశాస్త్రజ్ఞుడును అయిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్టణమున నుండి రెండువందల చేపలను సేకరించి, చిత్రింపించి, వర్ణించెను. ఆ గ్రంథము 1803లో లండనునందు రెండు సంపుటములుగా వెలువడెను. అందలి విశేష మేమనగా, జాలరులు ఏ చేపను ఏ పేరుతో పిలుతురో ఆ దేశిపేర్లనే అతడు ఆంగ్లలిపిలో వ్రాసికొనెను. జాలరుల పరిజ్ఞానము ఈ తీరపు శాస్త్రమునకు తొలిమెట్టయ్యెనని దీనివలన తెలియుచున్నది.

చెన్నపురియందు 1851లో ప్రభుత్వ మ్యూజియము ఏర్పడెను. సైనిక వైద్యుడగు ఫ్రాన్సిస్ డే మద్రాసు కొలువులో నుండి భారతదేశపు చేపలపై చేసిన కృషి 1875 మొదలు 1878 వరకు ఖండములుగా వెలువడెను. 1885లో మ్యూజియమునకు అధ్యక్షుడుగా వచ్చిన ఎడ్గార్ థర్‌స్టన్‌ను మనవారు కులములను గూర్చిన గ్రంథసంపుటముల వలన ఎరుగుదురు. అతడు మన్నారు అఖాతపు ముత్యపుచిప్పలను, శంఖములను గూర్చియు శ్రద్ధతో పరిశోధించెను. అతని పూనికతో 1909లో మెరీనా తీరమున జలచర ప్రదర్శనశాల తెరువబడెను. నగరవాసులు సముద్రప్రాణులను సజీవముగా గాజుతొట్లలో చూచి ఆనందించిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున అది మూతపడెను.

ఈ దశలో శాస్త్రము ప్రధానముగా సేకరణము, నామకరణము, ప్రదర్శనము అను మూడింటితో తృప్తి చెందినది. పట్టువాని పడవకును చూపరి గాజుతొట్టికిని నడుమ వ్యవహార సంబంధ మేర్పడలేదు.

మత్స్యశాఖ స్థాపన

ఆ సంబంధమును మొదట కోరినవాడు సర్ ఫ్రెడరిక్ నికల్సన్. వ్యవసాయ పరపతి బ్యాంకులపై ఇతడు వ్రాసిన నివేదిక మన దేశమున సహకారోద్యమమునకు దారి చూపిన సంగతి పాఠకులకు విదితమే. 1905లో మద్రాసు ప్రభుత్వము ఇతనిని మత్స్య విషయములను పరిశీలించుటకు నియమించెను. ఇతడు జపానునకు పోయి అచ్చటి మత్స్య పరిశ్రమను కన్నులార చూచి నివేదిక వ్రాసెను. 1907లో మద్రాసు మత్స్యశాఖ ఆవిర్భవించెను. రైతునకు అప్పు దొరకనిదే సేద్యము సాగదని గ్రహించిన బుద్ధియే, జాలరికి మెలకువ తెలియనిదే పట్టిన చేప విలువ పెరుగదని గ్రహించెను. పశ్చిమ తీరమున చేపనూనెను, ఎరువును తీయు చిన్న చిన్న కొట్టములు అతని ప్రోత్సాహముననే వ్యాపించినవి.

అతని వెనుక వచ్చిన జేమ్స్ హోర్నెల్ ముత్యములకును శంఖములకును సంబంధించిన పనులను చూచి, కాలక్రమమున శాఖాధిపతి యయ్యెను. భారతీయ శంఖమును గూర్చి ఇతడు వ్రాసిన గ్రంథము 1914లో ప్రకటితమైనది. యుద్ధకాలమున నార్వేనుండి కాడ్‌చేప నూనె వచ్చుట ఆగిపోగా, మద్రాసు ప్రభుత్వము కోళికోడునందు సొరచేప కాలేయపు నూనెను తీయు కర్మాగారమును నడపెను. 'ఏ' విటమిను సమృద్ధిగా గల ఆ నూనె వైద్యశాలలకు ఉపకరించెను. జపానునుండి అగర్ రాక నిలిచిపోగా, మన తీరపు నాచునుండియే దానిని తీయు ప్రయోగములు జరిగినవి. సముద్రప్రాణినుండి ఔషధద్రవ్యమును తీసి దేశావసరము తీర్చుట అను అర్థమున ఇవి మన జీవసాంకేతిక పరిశ్రమకు పూర్వరూపములు.

అయినను ఒక విషయము గమనింపదగియున్నది. శాఖ కార్యాలయము చెన్నపురియందున్నను, నూనె కొట్టములును కర్మాగారమును పశ్చిమ తీరమున నుండెను. ముత్యము, శంఖము దక్షిణమున నుండెను. రాజధానికి ఆజ్ఞలిచ్చు పనియే మిగిలెను.

విశ్వవిద్యాలయము, విభజనలు

ఇరువదవ శతాబ్ది మూడవ దశకమునుండి మద్రాసు విశ్వవిద్యాలయమున సముద్రజీవ పరిశోధన మొలకెత్తెను. ఆచార్య ఆర్. గోపాలయ్యరు జంతుశాస్త్ర పరిశోధనాలయమును నడపుచు, చెన్నపురి తీరజలములందలి సూక్ష్మజీవులపై శిష్యులచే కృషి చేయించెను. వృక్షశాస్త్రమున ఎం. ఓ. పి. అయ్యంగారు నాచుజాతుల పరిశోధనకు దేశమున పునాది వేసెను. మ్యూజియము పక్షమున ఎఫ్. హెచ్. గ్రేవ్‌లీ మొదలగువారు కృసడై దీవి జీవరాశిపై చేసిన కృషి 1927లో ప్రకటితమైనది.

ఈ విద్వత్తు నాధారముగా చేసికొని 1947 ఫిబ్రవరి 3వ తేదీన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఈ విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర శాఖయందే ప్రారంభమయ్యెను. కాని అది ఇచ్చట నిలువలేదు. 1949లో మండపమునకును, 1971లో కొచ్చికిని తరలిపోయెను. 1972లో స్థాపితమైన సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థయు కొచ్చియందే నెలకొనెను. చేప లెచ్చట దిగుచున్నవో, ఎగుమతి యెచ్చట జరుగుచున్నదో అచ్చటికే సంస్థలు పోవుట సహజము. చెన్నపురికి విద్వాంసులు కలరు గాని, తన శాస్త్రమును నిత్యము అక్కరగా కోరు ఉత్పత్తిదారులు ఆనాడు చెంత లేరు.

రాజకీయ విభజనలు కూడ ఈ లోటును పెంచినవి. 1936లో గంజాము ఒరిస్సాలో చేరెను. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. 1956లో మలబారు కేరళలో కలిసెను. ఒక్క రాజధానినుండి పాలింపబడిన రెండు తీరములు నాలుగైదు రాష్ట్రముల పాలయ్యెను. తెలుగుతీరమునకు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయము కొత్త విద్యాకేంద్ర మయ్యెను. 1952లో అమెరికానుండి వచ్చిన ఆచార్య లాఫాండు సాయముతో అచ్చట సముద్రశాస్త్రము, ఆచార్య పి. ఎన్. గణపతి నాయకత్వమున సముద్ర జంతుశాస్త్రము వర్ధిల్లినవి. ఆ విధముగా చెన్నపురికిని తెలుగుతీరమునకును గల శాస్త్రబంధము సడలిపోయెనని తలచుటకు అవకాశము కలిగెను. ఆ బంధమును తిరిగి బిగించినది రొయ్య.

చెరువుల వెల్లువ

1987 ఏప్రిల్ 1వ తేదీన కేంద్ర ఉప్పునీటి జలజీవుల సాగు పరిశోధన సంస్థ చెన్నపురి కేంద్రముగా స్థాపింపబడెను. దీనిని 'సీబా' అని రైతులందరు వ్యవహరింతురు. కార్యాలయము నగరమున శాంథోము దాపున నుండగా, ప్రయోగక్షేత్రము దక్షిణమున ముట్టుకాడు వద్ద ఉప్పుటేటి యొడ్డున నున్నది. 1997లో ఈ క్షేత్రముననే పండుగప్ప చేపను తొట్లలో ప్రజననము చేయించి పిల్లలను పుట్టించిరి.

సరిగా ఆ దశాబ్దముననే తెలుగుతీరమున గొప్ప మార్పు జరిగెను. అంతకు పూర్వము రొయ్య యనగా పులికాటు సరస్సునందును, ఏటి మొగలందును వలకు చిక్కునది. యానాదులు చేతులతోనే తడవి పట్టునది. 1980ల చివరనుండి అది చెరువునందు పెంచబడు పైరయ్యెను. టైగర్ రొయ్యకు జపాను, అమెరికా, ఐరోపా విపణులందు మంచి వెల పలికెను. నెల్లూరు జిల్లాలో కండలేరు ఉప్పుటేటి వెంబడి, కృష్ణా గోదావరీ మండలములందు, వరి పండని చౌడు నేలలును, కొన్నిచోట్ల వరి పండు నేలలును చెరువులుగా త్రవ్వబడినవి. కిలోకు ఎన్ని రొయ్యలు తూగునో ఆ 'కౌంటు'ను బట్టి వెల నిర్ణయమగుట వలన, తీరగ్రామములందు ఆ ఆంగ్లపదము ఇంటింటి మాట యయ్యెను. 1991లో నెల్లూరు చెంత ముత్తుకూరునందు మత్స్యశాస్త్ర కళాశాల వెలసెను. నెల్లూరు చెరువులకు చెన్నపురి దగ్గరి మహానగరము. యంత్రములు, మేతలు, ఎగుమతి వ్యవహారములు, అప్పులు ఆ దారిననే రాకపోకలు సాగించినవి.

తెల్లమచ్చల వ్యాధి

ఈ వెల్లువ నాలుగైదేండ్లకు మించి నిరాటంకముగా సాగలేదు. 1992లో తైవానునందు కనబడిన తెల్లమచ్చల వ్యాధి ఆసియా తీరముల మీదుగా వ్యాపించి, 1994-95లో మన తూర్పుతీరపు చెరువులపై పడెను. పెంకు లోపలి వైపున తెల్లని మచ్చలు కనబడుటయు, రొయ్యలు గట్టు వారకు చేరుటయు, మూడు మొదలు పది దినములలో చెరువు చెరువంతయు చచ్చుటయు దీని లక్షణములు. పంటకు రెండు వారముల ముందు కూడ రైతు సర్వము కోల్పోవచ్చును. అప్పుచేసి కౌలుకు చెరువు పట్టినవారు నేలకు తిరిగి వ్యవసాయమునకు పోజాలరైరి. ఉప్పెక్కిన నేల వరి నీయదు.

ఈ రోగమునకు చికిత్స ఏల లేకపోయెనో తెలిసికొనవలెను. మనుష్యులకును పశువులకును టీకా వేసినచో శరీరము ఆ రోగక్రిమిని జ్ఞాపకముంచుకొని ప్రతిరక్షకములను తయారుచేయును. రొయ్యకు అట్టి ప్రతిరక్షకములను తయారుచేయు శక్తి లేదు. కావున సామాన్యమైన టీకా పనిచేయదు. వైరసుచే కలుగు వ్యాధి కాబట్టి సూక్ష్మజీవ నాశకౌషధములును పనిచేయవు. రోగమును చెరువులోనికి రానీయకుండుట యొక్కటియే మార్గము. వైరసు తల్లి రొయ్యనుండి పిల్లకు సంక్రమించును. పిల్ల పైకి ఆరోగ్యముగానే కనబడును. కంటికి కనబడని దానిని కనిపెట్టు పరీక్ష కావలెను. అదియే శాస్త్రమును చెరువుగట్టునకు పిలిచిన అక్కర.

న్యాయస్థానపు తీర్పు

రోగముతో పాటు మరియొక ఆపదయు వచ్చెను. చెరువులనుండి ఊరిన ఉప్పునీటిచే త్రాగునీటి బావులు చెడుచున్నవనియు, జాలరులు తీరమునకు పోవు దారులు మూసివేయబడుచున్నవనియు, మడ అడవులు నశించుచున్నవనియు సర్వోదయ నాయకుడగు ఎస్. జగన్నాథన్ సర్వోన్నత న్యాయస్థానమున మొర పెట్టెను. నాగపురములోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ న్యాయస్థాన మాదేశింపగా తీరములను పరిశీలించి, సమాజమునకు కలిగిన నష్టము రాబడిని మించుచున్నదని నివేదించెను. 1996 డిసెంబరు 11వ తేదీన న్యాయమూర్తులు కుల్‌దీప్ సింగు, సాగిర్ అహమ్మదు తీర్పు చెప్పిరి. తీర నియంత్రణ మండలములోని చెరువులను, సంప్రదాయ పద్ధతివి తప్ప, తొలగింపుమనియు, చిలుక, పులికాటు సరస్సులకు వేయి మీటర్లలోపున సాగు కూడదనియు ఆజ్ఞాపించిరి. పులికాటు ప్రాంతపు నేలపట్టు పక్షికేంద్రము పేరు కూడ ఆ ఆజ్ఞయందు కలదు.

రైతులకు ఇది పిడుగుపాటువలె తోచెను. జాలరులకు ఇది తమ మొర ఆలకింపబడిన దినము. ఉభయులును మనవారే. ఈ తీర్పును పరిశ్రమకు శత్రువుగా మాత్రమే చెప్పు వాడుక ఒకటి కలదు గాని, చరిత్రదృష్టితో చూడగా అది సరికాదు. తీర్పు ననుసరించి 1997లో చెన్నపురి కేంద్రముగా జలజీవుల సాగు ప్రాధికార సంస్థ ఏర్పడెను. 2005లో పార్లమెంటు చేసిన చట్టముచే అది తీరప్రాంత జలజీవుల సాగు ప్రాధికార సంస్థగా స్థిరపడెను. ఉన్నత న్యాయస్థాన న్యాయమూర్తిగా నున్నవారు, లేక పూర్వముండినవారు దానికి అధ్యక్షులు కావలెనని ఆ చట్టమందలి నిబంధన. తీరప్రాంతపు ప్రతి చెరువును అచ్చట నమోదు కావలసియుండెను. పరిశోధన సంస్థ చెంతనే నియమాధికారియు నెలకొనుటతో సమూహమునకు రెండవ స్తంభ మమరెను.

పరీక్షయు, మొగల్తూరు పాఠమును

1983లో అమెరికా శాస్త్రజ్ఞుడు కారీ మల్లిస్ ఊహించిన పి.సి.ఆర్. అను విధానము, అణుమాత్రముగా నున్న జన్యుపదార్థమును లక్షలాది రెట్లు పెంచి గుర్తింపదగినట్లు చేయును. దీనికే అతడు 1993లో నోబెలు బహుమానము నందెను. ఆ బహుమానమునకు మరుసటి యేటనే మన చెరువులకు వైరసు వచ్చుట కాకతాళీయమే గాని, మన అదృష్టము కూడ. సీబా శాస్త్రజ్ఞులు తెల్లమచ్చల వైరసును కనిపెట్టు పి.సి.ఆర్. పరీక్షాసామగ్రిని రూపొందించి, 2000 తరువాతి తొలియేండ్లలో బెంగుళూరులోని ఒక జీవసాంకేతిక సంస్థ ద్వారా విపణికి తెచ్చిరి. హేచరీలకును తీరపట్టణములకును పరీక్షాశాలలు వచ్చినవి. "సీడు పరీక్ష అయినదా?" అను ప్రశ్న రైతునోట పుట్టెను. జన్యుశాస్త్రపు పదము పొలముగట్టున ఇంత శీఘ్రముగా వాడుకలోనికి వచ్చిన సందర్భములు అరుదు.

కాని పరీక్ష యొక్కటియే చాలదని పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు నేర్పెను. ఒక రైతు పరీక్షించిన పిల్లను వదలినను, పొరుగువాడు రోగపు నీటిని అదే కాలువలోనికి తోడినచో ఫలము లేదు. ఎగుమతి అభివృద్ధి సంస్థయు, ఆసియా జలజీవసాగు కేంద్రముల కూటమియు కలిసి 2000 మొదలు ఆంధ్రదేశమున చేసిన కృషిలో భాగముగా, 2002లో మొగల్తూరు రైతులు సంఘముగా కూడిరి. ఒకే కాలమున చెరువులు నింపుట, పరీక్షించిన పిల్లలను కలిసి కొనుట, రోగము సోకినచో దాచక చెప్పి నీరు బయటికి విడువకుండుట వారు చేసికొన్న కట్టుబాట్లు. రోగము తగ్గెను, ఖర్చు తగ్గెను. ఈ పద్ధతి వ్యాపింపగా 2007లో కాకినాడ కేంద్రముగా జాతీయ సుస్థిర జలజీవసాగు కేంద్రము ఏర్పడెను.

ఈ కట్టుబాటు మనవారికి పూర్తిగా క్రొత్తది కాదు. పులికాటు జాలరులలో 'పాడు' అను ఆచారము కలదు. రొయ్యలు చిక్కు తావులను వంతులవారీగా పంచుకొని, ఒకరి వంతులో మరియొకరు వల వేయకుండుట ఆ ఆచారపు సారము. నీరు ఉమ్మడిది కాబట్టి క్రమమును ఉమ్మడిగా పాటింపవలెనని సరస్సు జాలరి ఎరిగియున్న సత్యమునే చెరువు రైతు రోగమువలన నేర్చుకొనవలసివచ్చెను.

నీలాంకరై ద్వారము

2009లో మూడవ స్తంభ మమరెను. టైగర్ రొయ్య రోగముచే క్షీణింపగా, పసిఫిక్ తీరపు అమెరికా దేశములకు చెందిన వనామీ రొయ్యను పెంచుటకు ప్రభుత్వ మనుమతించెను. దానిని తరతరములుగా రోగరహితముగా పెంచి, వేగముగా ఎదుగు వంశములను ఎన్నుకొనియున్నారు. విదేశప్రాణి దేశములోనికి వచ్చునప్పుడు క్రొత్త రోగమును తేవచ్చును గనుక, వచ్చిన ప్రతి తల్లి రొయ్యను విడిగా నుంచి పరీక్షించుటకు చెన్నపురికి దక్షిణముననున్న నీలాంకరై వద్ద ప్రత్యేక నిర్బంధశాలను నెలకొల్పిరి. దానిని ఎగుమతి అభివృద్ధి సంస్థకు చెందిన రాజీవ్ గాంధీ జలజీవసాగు కేంద్రము నడపుచున్నది.

హవాయి మొదలగు చోట్లనుండి తల్లి రొయ్యలు విమానమున చెన్నపురికి దిగును. నీలాంకరైయందు పరీక్షకు నిలిచి, మరక్కాణము, నెల్లూరు, కాకినాడ, భీమునిపట్టణము తీరములందలి హేచరీలకు చేరును. వాని పిల్లలు సంచులలో రాత్రివేళ చెరువులకు ప్రయాణమగును. నాలుగు నెలలలోపున రొయ్య మంచుగడ్డయై ఓడ నెక్కును. విమానాశ్రయము, నిర్బంధశాల, పరిశోధన సంస్థ, నియమాధికారి చెన్నపురియందును, చెరువులును చాలవరకు హేచరీలును తెలుగుతీరమునందును ఉన్నవి. నేడు భారతదేశమున రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశము అగ్రస్థానమున నున్నది. రాష్ట్రపు సరిహద్దును దాటి అల్లుకొన్న ఈ వ్యవస్థయే మనము వెదకిన పరిశ్రమల సమూహము. దీనినెవ్వరును ముందుగా పటము గీసి కట్టలేదు.

ఇతర సంస్థలును ఈ నగరమున కలవు. 1993లో ఏర్పడిన జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పళ్ళికరణయందుండి సముద్ర సూక్ష్మజీవులపైనను, నడికడలి పంజరములలో చేపల పెంపకముపైనను కృషి చేయుచున్నది. తరమణియందలి ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ ఉప్పునేలను తట్టుకొను జన్యువులను మడచెట్టునుండి గ్రహించి వరిలో ప్రవేశపెట్టు ప్రయోగములు చేసెను. కృష్ణా గోదావరీ మడ అడవుల పునరుద్ధరణయందును పాల్గొనెను. అచ్చటనే జీవసాంకేతిక పరిశ్రమలకై టైసెల్ అను ప్రాంగణమును నిర్మించిరి. కట్టడములు సమూహమునకు నీడనిచ్చును. నిత్యావసరము మాత్రము దానికి ప్రాణము నిచ్చును. ఆ అవసరమును ఇచ్చుచున్నవి చెరువులు.

మిగిలియున్న లోటు

ఇంతటి వ్యవస్థకు మూలము మాత్రము నేటికిని పరాధీనముగా నున్నది. చెరువు మనది, శ్రమ మనది, పరీక్ష మనది, తల్లి రొయ్య మనది కాదు. ఏటా లక్షకు మించిన తల్లి రొయ్యలు విదేశములనుండి రావలసియున్నది. తరువాతి కాలమున రోగరహితమగు టైగర్ తల్లులును విదేశములనుండియే వచ్చినవి. టైగర్ రొయ్య మన కడలిదే కదా! మన కడలిప్రాణినే పరదేశీయులు రోగరహితముగా తీర్చి మనకు విక్రయించుట విచారింపదగిన విషయము. విమానములు కొంతకాలము నిలిచిపోయినచో చెరువు లెట్లుండునో 2020 నాటి మహమ్మారి మనకు కొంత రుచి చూపినది. ఒకే జాతిని, ఒకే విపణిని నమ్ముకొనుట యందలి అపాయమును 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము మన సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచుట తెలియజేసెను.

ఈ లోటును తీర్చుటకు యత్నము మొదలైనది. మన తీరపు తెల్లరొయ్యను తరతరములుగా ఎన్నిక చేసి, మంచి వంశములను తీర్చు కార్యక్రమమును 25 కోట్ల రూపాయల వ్యయముతో సీబా ఆధ్వర్యమున 2023లో చెన్నపురియందు ప్రారంభించిరి. అదే యేట 2005 నాటి చట్టమును సవరించి, తల్లి రొయ్యల వృద్ధి కేంద్రములను, కడలినాచు సాగును కూడ దాని పరిధిలోనికి తెచ్చిరి. వంశములను తీర్చుట ఒకటి రెండేండ్లలో ముగియు పని కాదు. విదేశములందు వనామీకి పట్టిన కాలము దశాబ్దములు. ప్రభుత్వములు మారినను ధనము ఆగకుండుట, శాస్త్రజ్ఞులు నిలుకడగా నుండుట, రైతు తొలియేండ్ల తక్కువ ఎదుగుదలను సహించుట ఇందుకు కావలెను.

ఉపసంహారము

ఈ చరిత్రనుండి మూడు విషయములు తేలుచున్నవి. మొదటిది: చెన్నపురి సముద్రశాస్త్రము 1909నాటి గాజుతొట్లయందు గాని, 1947లో వచ్చి వెళ్ళిన సంస్థయందు గాని పరిశ్రమగా మారలేదు, ఉత్పత్తిదారుని కష్టముతో కలిసినప్పుడే మారినది. రెండవది: నియమము పరిశ్రమకు అడ్డుగోడ వలె తోచినను, ఈ సమూహమున అదియే ఒక స్తంభ మయ్యెను. బావినీరు చెడిన గ్రామమును, దారి మూసికొనిపోయిన జాలరిని మరచినచో ఆ స్తంభము కూలును. 1996 మరల రాగలదు. మూడవది: రాష్ట్రములు వేరైనను ఈ విషయమున చెన్నపురియు తెలుగుతీరమును ఒక్కటే ఆర్థికదేహము. ఒకచోట పరిశోధన ఆగినచో మరియొకచోట చెరువు ఎండును. చెరువు ఎండినచో పరిశోధనకు పనియుండదు.

చెన్నపురి తెలుగువారు ఈ రెంటి నడుమ నున్నవారు. వారిలో శాస్త్రజ్ఞులు, ఎగుమతిదారులు, ధనమిచ్చువారు, నెల్లూరు చెరువుల యజమానులు కలరు. రొయ్యల సాగునకు సంబంధించిన లెక్కలు, ఒప్పందములు, తొలి రైతుల అనుభవములు ఇప్పుడే సేకరింపకున్నచో మరి ఇరువదియేండ్లకు దొరకవు. 1990లలో చెరువు త్రవ్వినవారు వృద్ధులగుచున్నారు. వారిచేతను, బావి చెడి ఊరు విడిచిన కుటుంబములచేతను, పులికాటు పట్టపువారిచేతను, యానాదులచేతను తమ తమ మాటలలో చెప్పించి వ్రాసి దాచుట మన సంఘములు చేయదగిన పని. రెండువందల యేండ్లకు పూర్వము రస్సెల్ విశాఖ జాలరుల నోటినుండి చేపల పేర్లను వ్రాసికొనుట వలననే ఆ పేర్లు నేటికిని నిలిచియున్నవి. అంతటి ఓపికతో మన కాలపు చరిత్రను మనమే వ్రాసికొందుము గాక.